దేవరగట్టుకు సైకిల్ మీద

యూట్యూబ్‌లో ‘దేవరగట్టు’ అని కొట్టి చూడండి. దివిటీలు, ఇనుప రింగులు తొడిగిన కర్రలు, పగిలిన తలలు... ఏటా దసరా మర్నాడు నేనూ ఫోన్‌లో ఇవే చూసేవాణ్ని. ఈసారి పండగ సందడి తగ్గాక సైకిల్ వేసుకుని బయల్దేరాను. ఎమ్మిగనూరు నుంచి ఆదోని, ఆలూరు మీదుగా డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండు రోజులు పెట్టుకున్నా.

ఎమ్మిగనూరు నేతన్నల ఊరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టింది ఇక్కడే. పొద్దున్నే ఉగ్గాని, బజ్జి లాగించి రోడ్డెక్కా. రెండు వైపులా నల్లరేగడి, కనుచూపు మేరా పత్తి. బస్సులో వెళ్తే తెల్లటి గీతలా వెనక్కి పోయే చేను, సైకిల్ మీద మనుషులతో సహా కనిపిస్తుంది. ఒళ్లో పత్తి నింపుకుంటూ సాళ్ల వెంట నడిచే ఆడవాళ్లు ‘యాడికప్పా?’ అని కేకేసి మరీ అడుగుతారు.

రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు పత్తి పింజలు చిక్కుకుని కనిపించాయంటే ఆదోని దగ్గరపడ్డట్టే. అవన్నీ మార్కెట్‌కు వెళ్లే బండ్ల నుంచి ఎగిరినవి. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఇదొకటి. వేలంపాట అయ్యేదాకా కుప్ప పక్కనే కూర్చున్న రైతుల మొహాలు చూస్తే పరీక్ష ఫలితాల రోజు గుర్తొచ్చింది.

రెండోరోజు ఆలూరు దాటాక ఎదురుగాలి, ఆపై తుమ్మముల్లు. పంక్చర్ కిట్ లేకుండా ఇటు రాకండి. మధ్యాహ్నానికి గట్టు చేరా. కొండ మీద మాళమ్మ, మల్లేశ్వరస్వాముల గుడి. దసరా అర్ధరాత్రి కల్యాణం చేసి విగ్రహాలను కిందికి దించుతారు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు వాటికి కాపలా కాస్తే, మిగతా ఊళ్లవాళ్లు దక్కించుకోవాలని చూస్తారు. అదే బన్ని. ఏటా ఎందరో గాయపడతారు, కొన్నేళ్లు ప్రాణాలూ పోయాయి. నేను వెళ్లిన రోజు మాత్రం మెట్ల మీద మేకలు తప్ప ఎవరూ లేరు.

కింద చెట్టు నీడన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద పాత గాయం మచ్చ. బన్నిలోనేనా తాతా అంటే నవ్వాడు.

‘కట్టెలాట చూసి మీరంతా పోతారు. తెల్లారుజామున కార్ణికం చెప్తారే, దానికోసరం మేం నిలబడతాం.’

కార్ణికమంటే బసవన్న గుడి దగ్గర వినిపించే భవిష్యవాణి. వచ్చే ఏడు వానలెట్లా, పంటలెట్లా, పత్తి, జొన్నల ధరలెట్లా ఉంటాయో అందులో చెబుతారు. తలలు పగిలిన రాత్రి చివర్న అన్ని ఊళ్లవాళ్లూ చెవులు రిక్కించేది ఆ మాటకే. ఆదోని మార్కెట్లో చూసిన మొహాలు మళ్లీ గుర్తొచ్చాయి.

లేవబోతుంటే ఆయన నా ఫోన్ వైపు చూశాడు. ‘ఈ పొద్దు ఆదోనిలో పత్తి రేటెంత ఉండాదో దాంట్లో చూసి చెప్పప్పా.’

చూసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ‘అట్లయితే ఈయేడూ పిల్లలు సుగ్గికి పోవాల్సిందే, గుంటూరికి మిరపకాయలు కోసేకి’ అన్నాడు మెల్లగా.

తిరుగుదారిలో గాలి వెనక నుంచి వీచింది. అయినా పెడల్ బరువుగానే తిరిగింది.