నల్లగొండ ఎండ - పాత లాప్‌టాప్

పూర్వం మా ఊరికి నీలగిరి అని పేరు. ఆ పేరు విని చల్లదనం ఆశించేవారిని మే నెలలో ఒక్కసారి రమ్మనాలి!

మనుషులం ఎలాగో తలుపులు మూసుకుని, కూలర్లో నీళ్ళు పోసుకుని గడిపేస్తాం. మా ఇంట్లో తొమ్మిదేళ్ళ లాప్‌టాప్ గోడు ఎవరికి పట్టాలి? మా చిన్నమ్మాయికి పట్టింది. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చివరి ఏడు. ప్రాజెక్టు వ్రాతంతా అందులోనే ఉంది. కొత్తది కొందామంటే పెద్దమ్మాయి పెళ్ళి దగ్గర పడింది.

మొన్నొక సాయంత్రం తెరమీద సన్నని గీతలు మెరిసి మాయమైనాయి. అమ్మాయి ముఖం పాలిపోయింది. క్లాక్ టవర్ దగ్గరి రిపేరు కుర్రాడు చూచి, "గ్రాఫిక్స్ చిప్పు ఇంకా పోలేదు సార్. ఇట్లనే వాడితె మాత్రం పోతది" అన్నాడు.

తెరమీద బొమ్మలు వేసేది ఆ చిప్పేనట. దాని అడుగున కంటికి ఆనని టంకం చుక్కలు వందలకొద్దీ ఉంటాయి. వేడెక్కితే చిప్పు ఒక పాటి సాగుతుంది, కింది పలక మరొక పాటి. చల్లారితే రెండూ ముడుచుకుంటాయి. నడుమ నలిగేది టంకం. తీగను అటూ ఇటూ వంచగా వంచగా పుటుక్కుమంటుంది చూడండి, అదే వరస. అంచేత వేడి ఒక్కటే కాదు, వేడికీ చల్లదనానికీ మధ్య ఊగులాట కూడా దాని ప్రాణం తీస్తుందన్నమాట.

ఇది మా ఎండ ఒక్కదాని పాపమూ కాదు. 2008లో ఎన్విడియా కంపెనీ తన పాత లాప్‌టాప్ చిప్పుల్లో కొన్ని మామూలుకన్న ఎక్కువగా చెడిపోతున్నాయని ప్రకటించి, ఆ ఖర్చులకు 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది.

కుర్రాడు మూత విప్పాడు. వేడిని బయటికి పంపే రాగి దువ్వెన లాంటి పళ్ళ మధ్య దుమ్ము, నూగు కలిసి మెత్తని చాపలాగ పేరుకుని ఉన్నాయి. పత్తి పండే జిల్లా మరి! ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టాడు. చిప్పుమీద ఎండి పెళుసైన పేస్టు గీకి కొత్తది పూశాడు. అంతకుముందు పని ముమ్మరంగా ఉన్నప్పుడు 94 డిగ్రీలు చూపేది, ఇప్పుడు 78 దాటలేదు.

"వేడిగాలి కొట్టి చిప్పు లేపుతమంటరు సార్, నమ్మకండి. లేస్తది గాని ఎన్నో దినాలు నిలవది" అని కూడా చెప్పాడు.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త శాసనాలు అమలులో ఉన్నాయి. లాప్‌టాప్ పరుపుమీద పెట్టరాదు. అడుగున గాలిరంధ్రాలు మూసుకుపోతాయి. మేనల్లుడు వచ్చినా సరే, ఆటలు లేవు. మా ఆవిడ తడిగుడ్డ పరుద్దామన్నది గాని, నీటి చెమ్మ చిప్పుకన్న ముందే కొంప ముంచుతుందని ఆపాము. వెనుకవైపు ఎత్తుగా ఉండటానికి చపాతీ పీట పెట్టాము.

ఎన్ని చేసినా తొమ్మిదేళ్ళ టంకం తొమ్మిదేళ్ళదే. అందుకని అమ్మాయి రాత్రి పడుకునే ముందు ప్రాజెక్టంతా వేరే డిస్కులోకి ఎక్కిస్తున్నది. సమర్పించటానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. అంతవరకు మా ఆవిడ పళ్ళెం బోర్లించి, దానిమీదే చపాతీలు వత్తుతున్నది.