చొక్కా చెయ్యి వాసన చూడమన్నడు

గ్రూపుల ఎప్పుడూ నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్‌ల ముచ్చట్లే ఉంటయ్ కదా. ఈసారి వేరే ముచ్చట పెడుతున్న. అత్తర్ల గురించి. నవ్వకుండ్రి. పోస్టు పెద్దగుంటది, తీరికున్నప్పుడు చదువుండ్రి.

నేను నిజామాబాద్‌ల డిగ్రీ ఆఖరి సంవత్సరం, బీజడ్‌సీ. హాస్టల్ల ఉంట. మాది వర్ని దిక్కు తండా. మా ఇంట్ల కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. ఫస్టియర్ కొత్తల ఒక సోమవారం తండా నుంచి పొద్దుగాల బస్సెక్కి సీదా క్లాసుకు వచ్చి కూచున్న. పక్కన పిల్లగాడు ముక్కు కాడ చెయ్యి పెట్టుకొని, "నీ దగ్గర కట్టెల పొగ వాసన వస్తుంది రా" అన్నడు. తిట్టలే, ఎక్కిరించలే. లేచి వెనుక బెంచీకి పోయిండు, గంతే. తిడితే తిరిగి తిట్టేటోణ్ని. ఆయన మామూలుగ చెప్పిండు కాబట్టే అది నా లోపల కూచున్నది.

ఆ రోజు నుంచి చొక్కాలు రెండుసార్లు ఉతుకుడు, బాడీ స్ప్రే కొట్టుడు మొదలైంది. స్ప్రే ఎంత కొట్టినా పది నిమిషాలకు మళ్లీ అనుమానం. మా హాస్టల్ తమ్ముళ్లకు తెలుసు, పొద్దున ఎనిమిదింటికి మా వరండాల నిలబడితే తుమ్ములే తుమ్ములు.

అత్తరు అంటే నాకు అంతకుముందు తెలిసింది బడాపహాడే. మా మండలంలనే జలాల్‌పూర్ దగ్గర గుట్ట మీద దర్గా. మా తండావాళ్లు కూడా మొక్కు ఉంటే పోయి కందూరు చేసుకొని వస్తరు. చిన్నప్పుడు అక్కడ బాపు చిన్న సీస కొని, దూది ముంచి నా చెవి మడతల పెట్టిండు. గులాబీ అని అమ్మిన ఎర్ర నూనె. మూడు రోజులు తల నుంచి పోలే.

సెకండియర్‌ల ఒక క్లాస్‌మేట్ నన్ను టౌన్‌ల ఒక చిన్న అత్తరు దుకాణానికి తీసుకపోయిండు. వాళ్ల దూరపు చుట్టం, పెద్దాయన. అందరూ చాచా అంటరు, నేను కూడా అదే పిలుపు. నేను పోయి "గట్టి వాసనది ఒకటి ఇయ్యి చాచా, రోజంతా ఉండాలె" అన్న. ఆయన ఏమీ ఇయ్యలే. గాజు పుల్లతోటి నా మణికట్టు మీద ఒక చుక్క పెట్టిండు. నేను రెండో చేతితోటి రుద్దబోయిన. "రగడ్‌నా నక్కో బేటా" అని చెయ్యి పట్టుకున్నడు. "చాయ్ తాగి రా. అప్పుడు చూడు. మళ్లీ రాత్రికి చూడు. కొనేది రేపు."

దుకాణందారు కొనొద్దు అనుడు నేనైతే మొదటిసారి విన్న.

ఎందుకు ఆగాలో ఆయన అనుభవంతోటి చెప్పిండు, నాకు కెమిస్ట్రీ తోటి అర్థమైంది. అత్తర్ల చిన్న అణువులు, పెద్ద అణువులు కలిసి ఉంటయ్. ఒంటి వేడికి చిన్నవి ముందు ఎగిరిపోతయ్. నిమ్మ, నారింజ లాంటివి నిమిషాలల్ల అయిపోతయ్. గంధం లాంటి బరువైనవి గంటలు గంటలు కూచుంటయ్. మూత తీసి చూసినప్పుడు ముక్కుకు వచ్చేది ఎగిరిపోయే భాగమే ఎక్కువ. మనం సాయంత్రం దాకా మోసేది వేరే. కాగితానికి వేడి లేదు, చెమట లేదు, జిడ్డు లేదు. అందుకే చర్మం మీదనే చూడాలె. రోజుకు మూడు కంటే ఎక్కువ వద్దు. రెండు మణికట్లు, ఒక మోచేతి మడత. చర్మం పొడిగుంటే తొందరగా పోతది, కొంచెం కొబ్బరినూనె రాసి పెడితే ఆగుతది. గీసుకున్న గడ్డం మీద మాత్రం పెట్టకుండ్రి, మండుతది.

అట్ల నెలకు రెండు మూడుసార్లు పోయిన. ల్యాబ్ రికార్డు వెనుక పేజీలల్ల టైం వేసి రాసుకున్న: పెట్టినప్పుడు, పావుగంటకు, మూడు గంటలకు, పండుకునేముందు.

మట్టి అత్తరు: పెట్టంగనే ఒళ్లు జలదరించింది. మొదటి వాన పడ్డ మా తండా వాకిలి. దీన్ని కన్నౌజ్‌ల చేస్తరట, కాల్చిన మట్టి ముక్కలను రాగి డేగ్‌ల నీళ్లతోటి ఉడికించి. మూత చుట్టూ మట్టి పూసి, ఆవిరిని వెదురు గొట్టంలకెళ్లి భప్కా అనే కుండలకు పంపుతరు, ఆ కుండల ముందే గంధం నూనె ఉంటది. చాచా ఇది చెప్తుంటే నాకు నవ్వు ఆగలే. ఆవిరి పట్టి చల్లబరిచే పని మన తాతలకు తెల్వదా! వాళ్లు పట్టింది అత్తరు కాదు, అంతే తేడా. సరే, నా తీర్పు ఏందంటే, నా చేతి మీద మట్టి గంట కంటే ఎక్కువ నిలవలే. గంట కోసం అంత పైసలు పెట్టలేను.

మజ్మువా: మొగలి, వట్టివేరు, మట్టి, కదంబం కలిపింది. పెండ్లిల నలుగురు ఒక్కసారే మాట్లాడినట్టు ఉంటది. మంచిదే, నాది కాదు.

ఔద్: పోరగాళ్లందరూ దీని కోసమే అడుగుతరు. చాచా ఉన్నదున్నట్టు చెప్పిండు: "ఈ రేటుకు వచ్చేది ఔద్ కాదు బేటా, ఔద్ లెక్క చేసింది." నా చేతి మీద గంటకు ఆస్పత్రి పట్టీ వాసన వచ్చింది. కొట్టేసిన.

తర్వాత పేరు లేని ఒక తియ్యటి నూనె. ఈ కొత్త రకాలల్ల ఇథైల్ మాల్టాల్ అనేది ఎక్కువ వేస్తరు, కాలిన చక్కెర వాసన ఇచ్చేది అదే. పెట్టంగనే నాకు బోధన్ వచ్చింది. శక్కర్‌నగర్ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937 నాటిది, ఒకప్పుడు ఆసియాలనే పెద్దదని చెప్తరు. 2015 డిసెంబర్ల మూతపడ్డది. అప్పుడు నాకు పదేండ్లు. బాపు చెరుకు లారీలకు ఎక్కించే కూలికి పోయేటోడు. ఒకటి రెండుసార్లు నన్ను వెంట తీసుకపోయిండు. ఉడికిన రసం, మడ్డి, అడుగున కొంచెం పులుపు, ఆ గాలి ఫ్యాక్టరీ కనపడకముందే తగిలేది. బాపు రాత్రి ఇంటికి వస్తే అదే వాసన. ఫ్యాక్టరీ పోయినంక మా దిక్కు చాలా చెరుకు మడులు వరి అయినయ్, బాపు పని కూడా మారింది. ఇన్నేండ్లకు ఆ వాసన నా మణికట్టు మీద దొరికింది. కానీ తీర్పు తీర్పే: పులుపు లేదు దాంట్ల, ఒట్టి తీపి. మూడు గంటలకు తలనొప్పి. ఎండకాలం నిజామాబాద్‌ల ఇది పెట్టుకొని షేర్ ఆటో ఎక్కితే పాపం తగుల్తది.

ఆ రోజే మూడోది చూస్తుంటే ముక్కు మొద్దుబారింది. ఏదీ తెలుస్తలేదు. చాచా అన్నడు, "నీ చొక్కా చెయ్యి వాసన చూడు."

నేను ఆగిన. ఆ రోజు కూడా సోమవారమే, తండా నుంచి వచ్చిన చొక్కా. ఆయనకు ఆ ముచ్చట తెల్వదు. మెల్లగ మోచేతి కాడ ముక్కు పెట్టిన. నాకు ఏ వాసనా రాలే. గుడ్డ, అంతే. నాలుగుసార్లు పీల్చినంక మళ్లీ అత్తరు చూస్తే ముక్కు తెరుచుకుంది. "రోజూ ఉండే వాసనను ముక్కు లెక్కపెట్టదు. అది నీ సున్నా. సున్నా కాడికి పోయి వస్తే మళ్లీ లెక్క మొదలు" అన్నడు.

అంటే ఆ పిల్లగాడు అబద్ధం చెప్పలే. పొగ ఉన్నది. నాకు మాత్రం అది వాసనే కాదు, మా యాడి పొయ్యి నా సున్నా. ఆయన సున్నా వేరే. గ్యాస్ పొయ్యి కావొచ్చు, అగర్‌బత్తి కావొచ్చు, నేను ఎన్నడూ ఆయన వాసన చూడలే.

ఇక్కడి దాకా అయితే మంచి ముచ్చటే. తర్వాతది రాయాల్నా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన.

ఈ ఏడు పరీక్షలు, ప్రాజెక్టు అని రెండు నెలలు ఇంటికి పోలే. పోయిన నెల పోయిన. తలుపు కాడ చెప్పులు ఇడుస్తుంటే ముక్కుకు తగిలింది. కట్టెల పొగ. ఇరవై ఏండ్లల్ల మొదటిసారి మా ఇంటి వాసన నాకు వచ్చింది. ఆ పిల్లగాడి ముక్కుతోటి మా ఇంట్లకు పోయినట్టు అయింది. యాడి వచ్చి మీద చెయ్యేస్తే పొగ వాసన. నేను వెనక్కి జరగలే. కానీ తెలిసింది. తెలుసుడే నాకు కష్టమైంది.

జేబుల ఖస్ సీస ఉన్నది. మూడు ఎంఎల్, 150 రూపాయలు. ఆరు నెలలు చూసి చూసి నేను కొన్నది అదొక్కటే. వట్టివేరు. మొదట పచ్చి గడ్డి లెక్క ఉంటది, తర్వాత తడి మట్టి, సాయంత్రానికి అడుగున సన్నగ పొగ. అవును, పొగే. నోట్‌బుక్కుల ఆ మాట రాసినప్పుడు నాకే నవ్వొచ్చింది.

యాడి మణికట్టు మీద ఒక చుక్క పెట్టిన. రుద్దబోతే చెయ్యి పట్టుకున్న, అచ్చం చాచా లెక్క. బాపు మంచం మీదికెళ్లి వాసన చూసి, "కూలర్ల వేసే గడ్డి కదా ఇది, దీనికి పైసలు పెట్టినవా?" అన్నడు. తప్పేం కాదు, అదే గడ్డి. యాడి రొట్టెలు చేసి, గిన్నెలు కడిగి వచ్చినంక మళ్లీ చెయ్యి చూసిన. పోలే. నా మీద కంటే ఆమె మీదనే ఎక్కువ నిలిచింది. ఖస్ ఎక్కడ అయిపోయిందో పొయ్యి ఎక్కడ మొదలైందో నా ముక్కుకు అందలే.

తెల్లారి బస్సుకు పోతుంటే ఆమె తన తీర్పు చెప్పింది. "మంచిగనే ఉంది బేటా, కానీ బడాపహాడ్ గులాబీ అంత గట్టిగ లేదు. వచ్చేటప్పుడు అది తే."

మా రూమ్ల ఉట్నూరు తమ్ముడు ఇప్పపువ్వు అత్తరు ఉంటదా అని అడుగుమన్నడు. చాచా కాడ లేదట. ఎవరికన్నా తెలిస్తే కింద రాయుండ్రి. నేను ఈ ఆదివారం గులాబీ కోసం గుట్ట ఎక్కుతున్న.