కడప చెట్ల నీళ్లలో మొదటిసారి

ఈ ఏడాది కార్తీకంలో నాలుగో తరగతికి పక్షుల పాఠం చెప్తున్నాను. మీ ఊళ్లో ఏయే పక్షులు చూశారు అని అడిగితే కాకి, పిచ్చుక, కొంగ అని తలా ఒకటి చెప్పారు. మా కాలనీ పిల్లోడు ఒకడు లేచి, "సార్, మా తాత తలకి కుండ పెట్టుకోని నీళ్లలో పోయి బాతుల కాళ్లు పట్టి లాగేవాడంట సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో "యానాదోళ్లు గదా" అన్నారు. పిల్లోడు కూర్చుండిపోయాడు.

అన్నవాణ్ణి లేపి నిలబెట్టాను. కానీ పిల్లోణ్ణి మెచ్చుకోలేదు, ఇంకా చెప్పమని అడగలేదు. పేజీ తిప్పేశాను. వాడు చెప్పిన తాత నాకు మేనమామ. ఆ మాటే, అదే బడిలో, పదేళ్లప్పుడు నేనూ చెప్పాను.

మా చెరువు పులికాట్ సరస్సుకి పడమరగా ఉంటుంది. మా వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలవే. అప్పుడు చెరువు నిండి కలుజు పారితే, లోపలున్న కడప చెట్లు, నల్లతుమ్మలు నడుముల దాకా నీళ్లలో నిలబడతాయి. కడప చెట్టు నెలల తరబడి నీళ్లలో ఉన్నా చావదు. దగ్గర్లోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టేది కూడా ఈ కడప చెట్ల మీదే. నేలపట్టు 1976లో పక్షుల రక్షిత కేంద్రం అయింది. మా చెరువుకి అలాంటి పేరేమీ రాలేదు. అయినా పక్షులకి ఆ తేడా తెలియదు. సూదితోక బాతులు ఉత్తరాది చలిదేశాల నుంచి మా చెరువుకీ వస్తాయి. ఎర్ర చిలువలు ఇక్కడివే. రాత్రంతా వరిచేలలో మేసి, తెల్లవారేసరికి చెరువుకి చేరి, పగలంతా గాలి తగలకుండా చెట్ల మొదళ్ల మధ్య నీళ్ల మీద కునుకుతుంటాయి.

మామ వాళ్ల నాయన శ్రీహరికోట దీవిలో పుట్టినాయన. రాకెట్ కేంద్రం వచ్చి దీవి ఖాళీ చేయించాక ఇటు వచ్చారు. అక్కడి అడవి పోయింది కానీ నీళ్లలో నడిచే విద్య వాళ్ల వెంటే వచ్చింది. 1992లో, బడికి సెలవిచ్చిన రోజుల్లో, మామ ఆ విద్య నాకు నేర్పాలనుకున్నాడు.

మొదటిరోజు నీళ్లలోకి దించలేదు. కలుజు మీద కూర్చోబెట్టాడు. "ఊరికే విను" అన్నాడు. ఏం వినాలో చెప్పలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నాకు ఎర్ర చిలువ ఈల వేరుగా, నీటికోడి అరుపు వేరుగా తెలిసింది. ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి ఊరుకున్నాయి. "గద్ద తిరగతా ఉంది" అన్నాడు మామ తలెత్తకుండానే. ఎత్తి చూస్తే నిజంగానే ఉంది.

రెండోరోజు నడక. చెట్లున్న నీళ్లలో కాలెత్తి వేయకూడదు. అడుగున రాలిపడిన తుమ్మకొమ్మలుంటాయి, ముళ్లు అరికాల్లో దిగి విరిగిపోతాయి. ఎండాకాలంలో మట్టి తవ్వుకుపోయిన గుంతలుంటాయి, పైకి కనబడవు. అందుకని ముందు కర్రతో తడమాలి, తర్వాత పాదాన్ని బురద మీద జార్చుకుంటూ పోవాలి. పట్టుకోసం కొమ్మ మీద చెయ్యి వేయకూడదు. నీళ్లొచ్చాక పాములు, ఎర్రచీమలు అన్నీ కొమ్మల మీదికే ఎక్కుతాయి. జలగ పట్టిందని గంతులేయకూడదు, గట్టుకి వచ్చాక తీసుకోవచ్చు. తిరిగి వచ్చే దారికి గుర్తుగా ఒక చెట్టు కాదు, రెండు చెట్లు పెట్టుకోవాలి. ఒక్క చెట్టయితే అన్నీ దానిలాగే కనపడతాయి.

గూళ్లున్న చెట్టు కిందికి అసలు పోకూడదు. ఇది మామ రెండుసార్లు చెప్పాడు. మనిషి అలికిడికి తల్లి లేస్తే గుడ్లు ఎండకి పాడవుతాయి, కాకులు ఎత్తుకుపోతాయి. రెట్టలు కలిసిన నీళ్లు పైరుకి బలమని రైతులకి కూడా ఆ చెట్లంటే గౌరవం. "ఆ చెట్టు జోలికి పోలేదని నమ్మకం ఉండబట్టే మనల్ని చెరువులోకి రానిస్తుండారు" అనేవాడు.

మూడోరోజు కుండ. అప్పటికి పదిరోజుల ముందే మామ నాలుగైదు ఖాళీ కుండలు మూతి మూసి చెట్ల మధ్య నీళ్లలో వదిలిపెట్టాడు. మొదట బాతులు దూరంగా జరిగాయి. తర్వాత వాటి పక్కనే ఈదాయి. అప్పుడు రెండు కంతలు పెట్టిన కుండ ఒకటి తలమీద బోర్లించుకుని, మెడదాకా నీళ్లలో మునిగి కదలాలి. గాలి ఎటుంటే అటే పోవాలి. కుండ గాలికి ఎదురు వస్తే బాతుకి అనుమానం వస్తుంది. దగ్గరికి చేరాక, గుంపు అంచున ఉన్నదాని కాళ్లు నీళ్ల కింద నుంచి పట్టి ఒక్క లాగు లాగాలి. రెక్క నీటి పైన కొట్టుకోకూడదు. పక్కనున్నవి అది మునిగిందనుకోవాలి, అంతే. ఆ పూట కూరకి ఎంత కావాలో అంతే, రెండో మూడో. అమ్మకానికి మామ ఎప్పుడూ పట్టలేదు.

నా తలమీద కుండ బోర్లించి నన్ను ముందుకి తోశాడు. లోపల నా ఊపిరే నాకు ఉరుములా వినిపించింది. కంతల్లోంచి చూస్తే నీళ్లు, కడప మొదళ్లు, ఎండ చుక్కలు. ఒక చిలువ నా కుండకి జానెడు దూరంలోకి వచ్చింది. దాని కంటి చుట్టూ సన్నటి పసుపు గీత కనిపించింది. ఆత్రం ఆగలేదు. అంచుదాకా ఆగకుండా నడిగుంపులోనే చెయ్యి చాచాను. కాలు దొరికింది, గోరు గీసుకుంది, జారిపోయింది. చెరువు చెరువంతా లేచింది. ఆ రెక్కల చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేదు.

మామ తిట్టలేదు. కుండ తీసి, "ఈరోజుదీ పోయింది, రేపటిదీ పోయింది. వారందాకా ఇటు రావు" అన్నాడు. ఇంటికి పోతూ, "వేట సంగతి ఊళ్లో చెప్పబాకరా" అన్నాడు.

వారం తిరక్కుండా ఒక జీపు వచ్చింది. పట్నం మనుషులు, తుపాకులు. చెరువులో దారి చూపించమని మామకి ఇరవై రూపాయలిచ్చారు. కాదనే ధైర్యం మామకి లేదు. గంటసేపు కాల్చారు. పడినవాటిని ఏరుకొచ్చింది మామ. దెబ్బ తగిలి ముళ్లలోకి పాక్కుంటూ పోయినవాటిని ఎవరూ ఏరలేదు. గూళ్ల చెట్టు మీదికీ కాల్చారు. ఆ రాత్రి మామ అన్నం తినలేదని అత్త చెప్పింది.

ఆ చప్పుడు సంగతి పైకి పోయింది. రెండురోజులకి ఒక ఉద్యోగి బడికి వచ్చాడు. మంచిగా నవ్వుతూ, "ఈ చెరువులో బాతులు పట్టడం ఎవరికి వచ్చురా పిల్లలూ?" అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. బడిలో నేను చెయ్యెత్తింది అదే మొదటిసారి. "మా మామకి వచ్చు సార్. కుండ పెట్టుకోని పడతాడు. నేను కూడా ఒకటి పట్టినాను సార్" అన్నాను. ఆ చివరిమాట అబద్ధం. "భలే" అని నా తల నిమిరాడు.

సాయంత్రానికి మామనీ, ఆ కుండల్నీ తీసుకుపోయారు. జీపు గురించి మామ చెప్పాడట. ఎవరూ రాసుకోలేదు. డబ్బు కట్టి బయటికి రావడానికి ఒక రొయ్యల గుంటల ఆసామి దగ్గర అప్పు చేశాడు. మా వైపు రొయ్యల గుంటలు తామరతంపరగా తవ్వుతున్న రోజులవి. ఆ అప్పు కింద ఆరేళ్లు ఆ గుంటలకి కాపలా ఉన్నాడు. పని ఏమిటంటే, రొయ్యల మీద వాలే పక్షుల్ని టపాకాయలు కాల్చి తోలడం. ఆ ఆరేళ్లలో, ఆ తర్వాతా నన్ను ఒక్కమాట అనలేదు. నేనూ ఎత్తలేదు.

పెద్దయ్యాక, టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు, లైబ్రరీలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చదివాను. తొమ్మిదో సెక్షన్ వేటని నిషేధిస్తుంది. చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, గుడ్లు, గూళ్లు పాడుచేయడం కూడా వేట కిందికే వస్తాయి. లైసెన్సు తీసుకుని వినోదానికి వేటాడే వీలు 1991 సవరణతో పోయింది. అంటే ఆ రోజు చెరువులో తుపాకీదీ తప్పే, కుండదీ తప్పే. చట్టం రెంటినీ ఒకటిగానే చూసింది. పట్టుకున్న చెయ్యి మాత్రం కుండ దగ్గరే ఆగింది. అలాగని చట్టం వద్దని నేను అనను. మా చిన్నప్పుడు చెరువు నల్లగా కనపడేలా వాలే బాతులు ఇప్పుడు అన్ని లేవు. కానీ గూళ్ల చెట్టు కిందికి పోకూడదని చట్టం చదవకుండానే చెప్పిన మనిషిని దొంగ అని రాసుకున్నారు. ఆ పేరు ఇచ్చింది నేను.

పాఠం పేజీ తిప్పేసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మామ దగ్గరికి పోయాను. ఇప్పుడు డెబ్బై దాటాయి. పిల్లల్ని చెరువుకి తీసుకుపోతాను, నువ్వు వచ్చి చెప్పాలి, పట్టేది లేదు, చూడటమే అన్నాను. "నన్నెందుకురా? మళ్లా పట్టకపోను ఎవురైనా వస్తారా?" అన్నాడు. అప్పుడు చెప్పాను, ఆ రోజు చెయ్యెత్తింది నేనేనని. మామ చుట్ట ఆర్పి, "తెలుసులేరా. పిలకాయవి. మంచోడిలా అడిగుంటాడు" అన్నాడు.

జనవరిలో ఇరవైముగ్గురు పిల్లల్ని కలుజు మీద కూర్చోబెట్టాం. నీళ్లలోకి ఎవర్నీ దించలేదు. మామ వాళ్లకి కూడా "ఊరికే వినండి" అనే మొదలుపెట్టాడు. క్లాసులో నవ్వినవాళ్లే ముందు వరసలో కూర్చున్నారు. పిల్లలు లెక్కపెట్టి అరవై బాతులని పుస్తకాల్లో రాసుకున్నారు. మామ చూసి, "ఎనభైకి తక్కువుండవు. చెట్ల ఎనకాల ఉండేవాటిని ఎవురు లెక్కపెడతారు?" అన్నాడు. మళ్లీ లెక్కపెట్టారు. ఎనభైమూడు వచ్చాయి.

బడికి వచ్చాక రిజిస్టర్‌లో ఆ రోజు సంగతి రాయాలి. పాఠం చెప్పినవారు అన్నచోట మామ పేరు రాశాను. కలుజు దగ్గరే ఆయన్ని అడిగాను, రాయనా అని. కాసేపు చెరువు వైపు చూసి, "రాయి" అన్నాడు.