బయటికి దారి లేని నీళ్లు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మొన్న మార్చి సెలవుల్లో మేం ఐదుగురం పిరమిడ్ లేక్ ఒడ్డున రెండు రాత్రులు టెంట్లు వేసుకుని ఉన్నాం. ఫోటోలు పెడితే చాలామంది "భలే ఉందిరా" అన్నారు. నిజమే, భలే ఉంది. కానీ ఫోటోల్లో పడని సంగతి ఒకటి ఉంది. మేం అక్కడ ఒక తప్పు చేయబోయి ఆగాం. ఆ తప్పు మనందరికీ అలవాటైనదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మాలో ముగ్గురం భద్రాచలం, ఏటూరునాగారం వైపు కోయోళ్లం. ఒక తమ్ముడు ఉట్నూరు దగ్గర గోండు, ఒక చెల్లి పాడేరు వైపు నుంచి. అందరం కాలిఫోర్నియాలో చదువుకుంటున్నాం. సెలవులకి ఎక్కడికి పోదాం అనుకుంటుంటే ఆ చెల్లే అంది: "ఆదివాసులే నడిపించే సరస్సు ఒకటుందంట, అక్కడికి పోదాం." ఇంక వేరే మాట రాలేదు.

పిరమిడ్ లేక్ నెవాడా రాష్ట్రంలో ఉంది. రీనో పట్నం నుంచి కారులో గంట లోపే. దారి పొడుగునా బోడి కొండలు, బూడిద రంగు సేజ్ పొదలు. ఒక్క చెట్టు నీడ లేదు. ఒక మలుపు తిరగ్గానే ఎడారి మధ్యలో నీలంగా సముద్రమంత నీళ్లు కనబడతాయి. కారు ఆపి కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ సరస్సు మొత్తం పిరమిడ్ లేక్ పయూట్ తెగ రిజర్వేషన్ లోపలే ఉంది. ఆ భూమిని 1859లో వాళ్ల కోసం పక్కన పెట్టారు, 1874లో అధ్యక్షుడు గ్రాంట్ ఉత్తర్వుతో ఖాయం చేశారు. అక్కడ టెంట్ వేయాలన్నా, చేప పట్టాలన్నా, పడవ దింపాలన్నా పర్మిట్ ఇచ్చేది తెగే. తిరిగి చూసే రేంజర్లు కూడా తెగ మనుషులే. మేం ఫోన్లో పర్మిట్ కొన్నప్పుడు దాని మీద తెగ పేరు చూసి ఉట్నూరు తమ్ముడు స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల నాన్నకి పంపాడు. మన ఊళ్లలో చెక్‌పోస్టు దగ్గర కట్టెల మోపు దించి మనల్నే "ఎక్కడిది?" అని అడుగుతారు. ఇక్కడ వచ్చినోళ్లే ఆ ఊరోళ్లని అడిగి లోపలికి పోతారు. ఆ తేడా మాకు లోపల ఎక్కడో తగిలింది.

అంత గర్వపడి లోపలికి పోయిన మేం మొదటి గంటలోనే పరువు తీసుకున్నాం. పాత టైరు గుర్తులు చూసి కారుని నీళ్ల దగ్గరి దాకా దింపాం. ఒడ్డు చూస్తే గట్టిగానే ఉంటుంది, కింద ఇసుక మెత్తన. చక్రాలు సగం దాకా దిగిపోయాయి. చేపలు పట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన తన బండికి తాడు కట్టి లాగాడు. ఆయన ఆ తెగ మనిషే. పేరు ఇక్కడ రాయడం లేదు, మేం తాత అనే అంటాం. తాత ఏం తిట్టలేదు. "ఇక్కడ నడిచి దిగాలి, బండి పైనే ఉండాలి" అని ఊరుకున్నాడు.

రాత్రి గ్యాస్ స్టవ్ మీద అన్నం, కోడికూర వండుకున్నాం. అసలు కథ తిన్నాక మొదలైంది. ఇద్దరం నూనె గిన్నెలు, డిష్ సోపు పట్టుకుని నీళ్లలోకి దిగాం. ఆలోచించి చేసిన పని కాదు. చిన్నప్పటి నుంచి వాగులోనే గిన్నెలు తోమాం, వాగులోనే బట్టలు ఉతికాం, వాగులోనే స్నానం చేశాం. పక్కనే ఉన్న తాత టార్చి లైటు వేసి అడిగాడు: "మీ ఊళ్లో నీళ్లు ఎక్కడికి పోతాయి?"

వాగు గోదాట్లోకి పోతుంది, గోదారి సముద్రంలోకి పోతుంది అని చెప్పాం.

"ఇవి ఎక్కడికీ పోవు" అన్నాడు.

గిన్నెలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాం. తర్వాత తాత కూర్చుని చెప్పిన మాటలు, మర్నాడు నిక్సన్ ఊళ్లో తెగ మ్యూజియంలో చూసినవి, ఇంటికొచ్చి చదివినవి కలిపి చెప్తున్నాం. టాహో సరస్సులో పుట్టిన ట్రకీ నది వచ్చి ఈ సరస్సులో కలుస్తుంది. అక్కడి నుంచి బయటికి పోయే నది లేదు, కాలువ లేదు. నీళ్లు ఎండకి ఆవిరై పోవాల్సిందే. ఆవిరయ్యేది నీళ్లే, అందులో కలిసినవి అందులోనే ఉండిపోతాయి. అందుకే ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి, సముద్రంలో ఆరో వంతు ఉప్పు. మనం కడిగిన సబ్బు, పారేసిన నూనె, ఒడ్డున వదిలిన చెత్త కొట్టుకుపోవడానికి దారి లేదు.

ఈ నీళ్ల కోసం ఆ తెగ పడిన బాధ చిన్నది కాదు. 1905లో ట్రకీ నది మీద డెర్బీ డ్యామ్ కట్టి దాదాపు సగం నీళ్లని వేరే లోయలో పొలాలకి మళ్లించారు. సరస్సు మట్టం 1960ల నాటికి 80 అడుగులకి పైగా పడిపోయింది. పక్కనే ఉన్న విన్నెముక్కా అనే ఇంకో సరస్సు పూర్తిగా ఎండిపోయింది. ఈ సరస్సులో లహోంటన్ కట్‌త్రోట్ ట్రౌట్ అని పెద్ద చేప ఉండేది. 1925లో ఒక పయూట్ మనిషి పట్టిన చేప 41 పౌండ్లు తూగింది. నీళ్లు తగ్గి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కే దారి మూసుకుపోయి, 1940ల మొదట్లోకి ఆ చేప ఈ సరస్సులో లేకుండా పోయింది. తర్వాత దూరంగా యూటా సరిహద్దు కొండవాగులో అదే జాతి మిగిలి ఉందని కనుక్కుని, పిల్లల్ని పెంచి మళ్లీ ఇక్కడ వదిలారు.

ఇంకో చేప క్వీవీ. ప్రపంచంలో ఇక్కడ తప్ప ఎక్కడా లేదు. 40 ఏళ్లు కూడా బతుకుతుంది. ఆ తెగ పాత పేరుకి అర్థమే "క్వీవీ తినేవాళ్లు" అని. ఆ చేప అంతరించే దశకి వచ్చింది, దాన్ని కాపాడటానికి వాళ్లు చేపల హేచరీలు పెట్టుకున్నారు, నీళ్ల కోసం కోర్టుల చుట్టూ దశాబ్దాలు తిరిగారు. ఒక చేప పేరుతో బతికే జాతికి ఆ చేపే పోతే ఏం మిగులుతుంది? పోలవరం ముంపు ఊళ్ల పిల్లలు మాలో ఉన్నారు. ఈ మాట వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మేం సబ్బు డబ్బా మూత పెట్టేశాం. గిన్నెలు టిష్యూతో తుడిచి, ఆ టిష్యూలు సంచిలో వేసుకుని, మిగతాది ఇంటికి తెచ్చి కడిగాం. అంతే పని. కష్టమేం లేదు, తెలియకపోవడమే కష్టం.

మర్నాడు ఒడ్డున టూఫా రాళ్లు చూశాం. నీటి అడుగున ఊటలు పైకి తన్నే చోట సున్నం పేరుకుని పేరుకుని కట్టిన రాళ్లవి. గుడి గోపురాల్లా నిలబడి ఉంటాయి. మాలో ఒకడు చిన్న ముక్క జేబులో వేసుకోబోతే చెల్లి చెయ్యి పట్టుకుంది: "మన దేవర గట్టు మీద రాయి ఎవడైనా ఎత్తుకుపోతే ఊరుకుంటామా?" వాడు ఎక్కడిది అక్కడే పెట్టేశాడు. తూర్పు ఒడ్డున రాతి తల్లి ఉంది. ఆమె ఏడ్చిన కన్నీళ్లే ఈ సరస్సు అయ్యిందని వాళ్ల కథ. వచ్చినోళ్లు రాళ్ల మీద రాతలు రాసి పాడు చేయడంతో అటువైపు బయటివాళ్లని రానివ్వడం మానేశారు. మేం దూరం నుంచే దండం పెట్టుకున్నాం. అనాహో దీవి మీద తెల్ల పెలికాన్లు వేలల్లో గూళ్లు కడతాయి, అక్కడికీ మనుషులు పోకూడదు. మనిషి అడుగు పెడితే పక్షులు గుడ్లు వదిలి లేచిపోతాయి.

ఇక్కడి నుంచి ఎవరైనా అలాంటి ఎడారి సరస్సు దగ్గరికి పోతే మేం నేర్చుకున్నవి ఇవి. పర్మిట్ ముందే కొనండి, అది వట్టి టికెట్ కాదు, ఆ ఇంటివాళ్లని అడగడం. గిన్నెలు, ఒళ్లు కడగాలంటే బిందెతో నీళ్లు తెచ్చుకుని ఒడ్డుకి 200 అడుగుల అవతల, అంటే దాదాపు 70 పెద్ద అంగలు నడిచి కడగండి. సబ్బు వాడకపోతే ఇంకా మంచిది. మరుగుదొడ్డి ఉన్న చోటే టెంట్ వేయండి. పొదలు నరికి మంట పెట్టొద్దు, ఎడారిలో ఒక పొద పెరగడానికి ఏళ్లు పడుతుంది. సాయంత్రం గాలి ఉన్నట్టుండి లేస్తుంది, టెంట్ మేకులు లోతుగా దిగ్గొట్టండి, లేకపోతే మీ ప్లాస్టిక్ అంతా నీళ్ల పాలే. తెచ్చిన చెత్త, పక్కవాడు వదిలిన చెత్త రెండూ తీసుకుపోండి.

చివరి మాట. చలికాలంలో లంబసింగికి, వానాకాలంలో కుంటాల జలపాతానికి ఎంత జనం వస్తారో మీకు తెలుసు. పగిలిన బీరు సీసాలు ఏరేది మన పిల్లలే, కాళ్లు తెగేది కూడా మన పిల్లలకే. వాళ్ల మీద మనకి కోపం ఉంది, ఉండాలి కూడా. కానీ ఆ రాత్రి టార్చి వెలుగులో సబ్బు పట్టుకుని నీళ్లలో నిలబడిన టూరిస్టులం మేమే. ఆదివాసులం కదా, అడవి మనకి నేర్పక్కర్లేదు అనుకున్నాం. మన అడవి సంగతి మనకి తెలుసు. ఇంకొకళ్ల ఊరికి పోతే వాళ్లని అడిగి తెలుసుకోవాలి. మన గూడేలకి వచ్చేవాళ్ల దగ్గర మనం కోరేది కూడా ఇంతే కదా.

మన జలపాతాలకి, కొండలకి పర్మిట్ ఇచ్చేది మన గ్రామసభే అయితే, దాని మీద ఏమేం షరతులు రాస్తాం? వచ్చే నెల మీటింగులో దీని మీద కూర్చుని మాట్లాడుకుందాం. మీ ఊరి షరతులు రాసుకుని రండి.

జోహార్.