ఎర్ర సిరా గీత

1984లో నేను తెలుగు పండితుడనుగా చేరితిని. ఆ యేడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు వ్యాసములో 'తసమదీయులు' అని వ్రాసెను. నిఘంటువులో లేని మాట! ఎర్ర సిరాతో కొట్టివేసి, తరగతి యెదుట పరిహసించితిని. "మాయాబజారులో ఉన్నదండీ" అని వాడు తల వంచుకొనెను. సినిమా వ్యాకరణమా యని మరల నవ్వితిని.

1957 నాటి ఆ చిత్రమునకు మాటలు, పాటలు వ్రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు. కొన్నాళ్లకు అది మా యూరికి మరల రాగా వెళ్లి, ఈసారి చెవి యొగ్గి వింటిని. 'అస్మదీయులు' అనగా మనవారు. ఆ సంయుక్తాక్షరము రాక్షసుల నోట విడిపోయి 'అసమదీయులు' అయినది. దానికి జతగా, పరాయివారికి 'తసమదీయులు' పుట్టినది. సంస్కృతము చక్కగా నెరిగినవాడే ఇంత చక్కగా తప్పు వ్రాయగలడు. పండితుడనైన నాకది తట్టలేదు.

చిత్ర రచయిత మాట నటుని కంఠములో కలిసిపోవును. ఘటోత్కచుడనగానే ఎస్.వి. రంగారావుగారే కన్నుల యెదుట నిలుతురు. వ్రాసినవాని పేరు తెరపై క్షణకాలము కనబడును. అప్పటికి మనము చీకటిలో కుర్చీలు వెదకుకొనుచుందుము.

మరునాడు ఆ గీత ప్రక్కన నా తప్పు నేనే వ్రాయవలెనని, బాలుని పుస్తకము తెమ్మంటిని. వాని తండ్రికి బదిలీ యైనదనియు, వారము క్రిందటనే వెళ్లిపోయిరనియు పిల్లలు చెప్పిరి.