నెత్తి మీద ఉల్లిపాయ!

నిలిచింది! నిజంగా నిలిచిందండీ!

భోగి నాడు పొద్దున్నే, ఏలూరులో మా మేడ మీద, అద్దాన్ని పిట్టగోడకి ఆనించి, జుట్టంతా రెండు చేతుల్తో వెనక్కి దువ్వి, మెలితిప్పి, రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి, మూడో చుట్టులో జుట్టుని సగమే బయటికి లాగి వదిలేశాను. ఇన్నాళ్ళూ చెయ్యి తీయగానే గడ్డిమోపులా విచ్చిపోయేది. ఈసారి విచ్చుకోలేదు! నడినెత్తి మీద గుండ్రంగా, నల్లగా, బుల్లిగా, బింకంగా ఒక ముడి! తల ఊపాను. కదల్లేదు. గెంతాను. కదల్లేదు! రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళి ఇంట్లో చూపించాను. మా ఆవిడ ఎగాదిగా చూసి, "బాగానే ఉంది. గ్యాస్ బండ వచ్చింది, లోపల పెట్టండి" అంది.

పెట్టాను. బండ మోస్తుంటే తెలిసింది అసలు సంగతి!

మెడ! నా మెడ వెనక గాలి! నెలల తరబడి తడి గోనెపట్టాలా అంటుకుని ఉన్న జుట్టు ఒక్కసారి పైకి లేచేసరికి, చెవుల వెనక నుంచి వీపు దాకా చల్లగా, సన్నగా, గిలిగింతగా గాలి పాకింది. ఇంత హాయి మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసట! నాకొక్కడికే ఎవరూ చెప్పలేదు!

నా అజ్ఞానం కూడా చెప్పేస్తాను, దాచుకోవడం దేనికి? మగాళ్ళ ఈ ముడిని ఇంగ్లీషులో మ్యాన్ బన్ అంటారు. అది బేకరీలో దొరికే సరుకనుకున్న బాపతు నేను. తాడేపల్లిగూడెంలో టీ బడ్డీ దగ్గర మొదటిసారి చూశాను. 2015లో అక్కడ నిట్ పెట్టాక ఎక్కడెక్కడి కుర్రాళ్ళో గూడెం రోడ్ల మీద కనిపిస్తున్నారు కదా. వాళ్ళలో ఒకడు టీ గ్లాసు పళ్ళతో పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి, చూస్తుండగానే జుట్టు ముడేసేశాడు. నా టీ చల్లారిపోయింది.

ఆ తర్వాత చిన్న తిరుపతిలో గుండు. అదేంటి, పెంచాలనుకున్నవాడు గుండు చేయించుకోవడమేంటి అంటారేమో. అది పాత మొక్కు. తీర్చేసి, సున్నా నుంచి మొదలెట్టాను. అది జరిగి 17 నెలలు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు, మహా అయితే ఇంకో పావు పెరుగుతుంది. మీరెన్ని నూనెలు రాసినా అంతే! పైజుట్టు ఒక జానెడైతే గానీ ముడి నిలవదు. లెక్క వేసుకోండి, ఎంత ఓపిక కావాలో!

ఆరో నెల నుంచి పదో నెల దాకా మాత్రం నరకం. ముడికి అందదు, దువ్వెనకి లొంగదు, చెవుల మీద ఛత్రంలా నిలబడుతుంది. కనిపించిన ప్రతివాడూ "మొక్కాండీ? పెద్ద తిరుపతా, చిన్న తిరుపతా?" అనే వాడే. కాదంటే జాలిగా చూసేవాళ్ళు. నన్ను కాపాడింది మా సెలూన్ అన్న. "పైన ముట్టుకోను. మెడ మీదా చెవుల చుట్టూ మాత్రం నెలకోసారి సన్నం చేస్తాను. పైది వచ్చి దీన్ని అందుకోవాలి" అన్నాడు. అద్భుతం! పెంచడానికి కూడా కత్తిరించాలట!

రబ్బరు బ్యాండు కథ ఇంకోటి. కిరాణా పొట్లాలకి వేసే పసుపు రబ్బరు బ్యాండు వాడాను మొదట్లో. తీసేటప్పుడు గుప్పెడు వెంట్రుకలు దాంతోపాటే వచ్చేశాయి, కళ్ళల్లో నీళ్ళు! గుడ్డ చుట్టిన బ్యాండు కావాలని తెలిసి ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి, "మా చెల్లికండీ" అన్నాను. నాకు చెల్లే లేదు. కొట్టతను నా నెత్తికేసి చూసి, "మీ చెల్లికి నలుపు బాగుంటుందండీ" అన్నాడు. ఆయ్!

ఇంకో రెండు ముక్కలు, చెప్పకపోతే పాపం. రోజూ ఒకేచోట బిర్రుగా లాగి కట్టకండి, కుదుళ్ళు ఊడి నుదురు పైకి జరుగుతుంది. డాక్టర్లు దానికి ట్రాక్షన్ అలొపీసియా అని పేరు కూడా పెట్టారు. తడి జుట్టు ముడేయకండి, మన గోదావరి ఉక్కకి సాయంత్రానికి ముక్కిన వాసన! బండి మీద వెళ్ళేవాళ్ళు ముడి కిందికి, మెడ దగ్గరికి దించాలి. నడినెత్తి ముడి మీద హెల్మెట్ దిగదు, నేను ప్రయత్నించాను.

కుంకుడుకాయల గురించి మొదలెడితే ఇక ఆపలేను. పండగ తలంటుకి నాయనమ్మ వాటిని కొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, ఆ బంగారు రంగు రసం నెత్తిన పోసింది. కళ్ళు మండిపోయాయి, కేకలు పెట్టాను. ఆరాక చూస్తే జుట్టు పట్టుకుచ్చు! ముట్టుకుంటే కిర్రుమంటోంది!

మళ్ళీ ముడేయబోతుంటే నాయనమ్మ నా రబ్బరు బ్యాండు లాక్కుని పక్కన పడేసింది. "దీనికి రబ్బరు ముక్క ఎందుకురా? మా తాతకి నీకంటే పెద్ద సిగ ఉండేది" అంది. సిగ! మగాడికి! నేను నోరు తెరిచేశాను. ఆవిడ రెండు వేళ్ళ చుట్టూ జుట్టు చుట్టి, కొస లోపలికి దోపి, చిటికెలో ముడి వేసేసింది. ఏ ఆధారమూ లేకుండా, జుట్టుకి జుట్టే కట్టు!

ఇక చూడండి నా పరిస్థితి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి తడుతున్నాయి. కొట్టుకునే మగవాళ్ళని "సిగపట్లకి దిగారు" అంటాం. సిగ లేకపోతే పట్లేమిటి? మా వీధిలో పెద్దాళ్ళు కోపమొస్తే "నీ సిగ తరగ!" అంటారు. తరగడానికి మగాడి నెత్తి మీద సిగ ఉండేదన్నమాట! అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. అందేంత జుట్టు ఉండబట్టే కదా సామెత! ఇంతా చేసి, "క్రాపు" అనే మాటే ఇంగ్లీషు నుంచి వచ్చింది! నేను పరాయిదనుకున్న ముడి మన ఇంటిది, మనదనుకున్న క్రాపు పడవెక్కి వచ్చింది! జపాన్‌లో కూడా మగవాళ్ళు ముడి తీసేసి క్రాపు చేయించుకోవచ్చని 1871లో ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చిందట. సుమో మల్లులు మాత్రం ఇవాళ్టికీ సిగతోనే బరిలోకి దిగుతారు. అంతెందుకు, శివుడు! భీమవరం సోమారామానికి ఎన్నిసార్లు వెళ్ళుంటాను, ఆ జటాజూటధారికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టుంటాను, ఒక్కసారైనా తట్టిందా!

కనుమ దాటాక పనిమీద గూడెం ఉల్లిపాయల మార్కెట్‌కి వెళ్ళాను. బస్తాల మధ్య నుంచి ఒక ముఠా కూలీ కేకేశాడు: "గురువుగారూ, నెత్తి మీద పాయ ఎక్కడిది? కర్నూలుదా, మహారాష్ట్రదా?" మార్కెట్టంతా నవ్వింది. "లోకల్!" అన్నాను. ఇంకా నవ్వారు. ఒకడైతే దగ్గరికొచ్చి, చేతులు తుడుచుకుని, "ఒకసారి ముట్టుకోవచ్చాండీ?" అని అడిగి మరీ నొక్కి చూశాడు.

ఇక ఆదివారం కొల్లేరు. ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్దామని కైకలూరు రోడ్డులో బండి మీద బయల్దేరాను. రెండు వైపులా చేపల చెరువులు, చెరువుల మీద నుంచి నీచువాసన కలిసిన చల్లగాలి. అక్కడ హెల్మెట్ తీయగానే, గట్టు మీద గాలికి ముడి ఊడి జుట్టంతా మొహం మీద! ఎదురుగా చెట్ల మీద, ఇనుప మంచెల మీద గూడబాతులు. సంచి ముక్కులు, బరువు రెక్కలు. కళ్ళమీది జుట్టు తప్పించుకుని చూద్దును కదా, దగ్గర్లో ఉన్నదాని తల వెనక చిన్న కుచ్చు, గాలికి రేగుతోంది! పిలక! గూడబాతుకి పిలక! చిన్నప్పటి నుంచి చూస్తున్నాను వీటిని, ఒక్కనాడూ గమనించలేదు.

మీరూ చూడండి! పెంచుకుంటే పెంచుకోండి, లేకపోతే లేదు. ముందు ఆటపాక వెళ్ళి ఆ పిలక చూడండి. ఆ తర్వాత మీ ఇంట్లో పెద్దావిడని కూర్చోబెట్టి, వాళ్ళ తాతకి సిగ ఉండేదా అని అడగండి!

నేనేమో అక్కడే గట్టు మీద నిలబడి, నాయనమ్మ చూపించినట్టు రెండు వేళ్ళ చుట్టూ చుట్టి కొస దోపాను. ఒకసారి ఊడింది. రెండోసారీ ఊడింది. పడవ నడిపే అతను చూసి చూసి, "ఎడంపక్కకి తిప్పండి బాబూ" అన్నాడు.

తిప్పాను. నిలిచింది!