చింతగింజల రమ్మీ

పేకాట మీద కాలేజీ సంచికలో వ్యాసమేమిటని లెక్చరర్లు కళ్ళెర్రజేయక ముందే ఒక మాట మనవి చేసుకుంటాను. నేనాడింది డబ్బుకి కాదు, చింతగింజలకి. అదీ నా అంతట నేను వెళ్ళి కాదు, చెయ్యి పట్టి లాక్కెళితే కూర్చున్నవాణ్ణి.

మాది ముప్పాళ్ళ. మా ఇంట్లో పేకముక్క కనబడితే నాన్న పొయ్యిలో పెట్టేవాడు. కారణముంది. మా తాత ఒక సంక్రాంతికి మూడుముక్కలాటలో కూర్చుని లేచేసరికి రెండెకరాల మిరపచేను చేతులు మారింది. ఇప్పటికీ ఆ చేను పక్కగా వెళ్ళేటప్పుడు నాన్న అటు తల తిప్పడు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మామయ్య వాళ్ళ అరుగు మీద నలుగురు చేరారు. ఐదో చెయ్యి కావాల్సొచ్చింది.

“రారా అబ్బాయ్! డబ్బుల్లేవు, తలా వంద చింతగింజలు.”

“నాకు రాదు మామయ్యా.”

“రానోడికే గదా నేర్పేది. కూర్చో.”

కూర్చున్నాను. పదమూడు ముక్కలూ విసనకర్రలా పట్టుకోవడమే చాతకాలేదు. రెండు జారి కిందపడితే అందరూ చూసేశారు. ఆఠీనేదో కళావరేదో తెలియని అయోమయంలో చేతికొచ్చిన జోకరునే పారేశాను. అరుగంతా నవ్వులు! ఆ ఒక్క ఆటకే ఎనభై గింజలు పోయాయి.

రిటైరైన మాస్టారొకాయన జాలిపడ్డారు. “జోకరు లేని వరస ఒకటి ముందు కుదరాలయ్యా. అది లేకపోతే చేతిలో ఎన్ని రాజులున్నా దండగే. ఎవరేది ఎత్తారో, ఏది పారేశారో చూస్తుండు. అన్నిటికంటే ముఖ్యం, ముక్కలు బాగాలేకపోతే మొదట్లోనే డ్రాప్ చెయ్. ఇరవైతో పోతుంది. పట్టుకు కూర్చుంటే ఎనభై.”

రమ్మీ జూదం కాదని 1967లో సుప్రీంకోర్టే చెప్పిందని కూడా ఆయనే అన్నారు. తర్వాత చదివి చూస్తే నిజమే. సికింద్రాబాదు క్లబ్బు కేసది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి. కనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడేదే, మూడుముక్కలాటలా ఉత్త అదృష్టం కాదు అన్నారు న్యాయమూర్తులు. అయినా 2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని, పోకర్ని నిషేధించింది. ముక్కల సంగతి ఒకటి, వాటి ముందు కూర్చున్న మనిషి సంగతి ఇంకొకటి కాబోలు.

ఆ మనిషి సంగతి నాకు మూడో రాత్రి తెలిసింది. అప్పటికి చెయ్యి తిరిగింది. నా ముందు మూడొందల పది గింజల కుప్ప. మామయ్య స్నేహితుడొకాయన ఆవలించి, “ఊరికే ఏందయ్యా ఈ ఆట? గింజకి రూపాయి అనుకుందామా?” అన్నాడు.

అందరూ నా వంక చూశారు. నిజం చెప్పొద్దూ, నా నోటిదాకా ‘సరే’ వచ్చింది. కుప్ప వంక చూసి మనసులో లెక్క కట్టేశాను కూడా. ఆ లెక్క కట్టుకున్నందుకే భయమేసింది. తాతా మొదట్లో గెలిచే ఉంటాడు. ఒక్కసారీ గెలవనివాడు రెండెకరాల దాకా కూర్చోడు గదా! మన పల్నాటి కథలోనూ అంతే. కోడిపందెంతో మొదలై, ఏడేళ్ళ వనవాసం మీదుగా, కారెంపూడి రణరంగం దాకా పోయింది. మధ్యలో డ్రాప్ చేసినవాడు లేడు.

“నేను డ్రాప్ మామయ్యా” అన్నాను. అప్పటికింకా ముక్కలే పంచలేదు.

మాస్టారు ఏమీ అనకుండా తన గింజలు కూడా డబ్బాలో పోసేశారు. రూపాయి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మళ్ళీ గింజలతోనే ఆడాం. చిత్తుగా ఓడిపోయాను, హాయిగా నిద్రపోయాను.

దాచడమెందుకని బస్సెక్కే ముందు నాన్నకి అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. బస్సు వస్తుంటే సంచీ అందిస్తూ, “జోకరు లేని వరస ముందే పెట్టుకునేవాడివా?” అని అడిగాడు.

ఆయనకి ఆట వచ్చునన్న సంగతి నాకప్పుడే తెలిసింది.